వీడియో ఫ్రీనే కదా భయ్యా?

రైతుబజారులో పావుకిలో వంకాయల్ని ఒక్కొక్కటీ తిప్పి తిప్పి పుచ్చు వెతికే తెలుగు గృహస్థు, అండమాన్ వెళ్లి తనని సముద్రం అడుక్కి దింపే మనిషిని మాత్రం రెండే ప్రశ్నలతో ఖాయం చేసేస్తాడు. మొదటిది, "లాస్ట్ ఎంత?" రెండోది, "వీడియో ఫ్రీనే కదా భయ్యా?"

ఆ భయ్యా కూడా తెలివైనవాడే. ఏ ప్రశ్న వస్తుందో తెలుసు కాబట్టి దానికే జవాబు బోర్డు మీద రాయించుకున్నాడు. హేవ్‌లాక్ పేరు 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్‌గా మారినా, టికెట్ కొనేవాడికీ అమ్మేవాడికీ అదింకా హేవ్‌లాకే. అక్కడ సీజన్‌లో జెట్టీ దిగితే చాలు, స్కూబా బోర్డులు ఎదురొస్తాయి. హనీమూన్ ప్యాకేజీల్లో క్యాండిల్ లైట్ డిన్నరు, మంచం మీద పూలు, స్కూబా ఒకే వరసలో ఉంటాయి. మూడింట్లో ఊపిరితో పని ఉన్నది ఒక్కదానికే అని ఎవరికీ తట్టదు.

"ఈత రాకపోయినా ఫరవాలేదు" అన్న మాట అబద్ధమేం కాదు. మొదటిసారి దిగేవాళ్లని ఇన్‌స్ట్రక్టరే పట్టుకుని తిప్పుతాడు, పన్నెండు మీటర్లు దాటనివ్వకూడదు. అంటే ప్రాణమంతా ఆ పట్టుకున్న చేతిలో ఉంది. ఆ చెయ్యి ఒక్కరిని పట్టుకుంటుందా, నలుగురిని చూసుకుంటుందా? ఈ సంగతి అడిగేవాడు కనపడడు. వీడియో ఫోర్‌కేనా, వెనకాల పాట పెడతారా అనేది మాత్రం కుటుంబమంతా కలిసి అడుగుతుంది.

వీపున మోసేది ఆక్సిజన్ సిలిండర్ అని మనవాళ్లలో చాలామంది నమ్మకం. అందులో ఉండేది మనం రోజూ పీల్చే గాలే, 200 బార్ల ఒత్తిడికి కుక్కినది. నిజంగానే స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపి పది మీటర్లు దింపితే అదే విషమై ఫిట్స్ తెప్పించొచ్చు. ఆక్సిజన్ ఉండాల్సింది పడవ మీద, ఎవరికైనా ప్రమాదం జరిగితే పట్టడానికి. చూపించమంటే దూది, డెటాల్ ఉన్న డబ్బా బయటికొచ్చిందా, ఆ పడవ ఎక్కనక్కర్లేదు.

గాలి సంగతి ఒడ్డునే తేలిపోతుంది. వాల్వు తిప్పాక రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, గేజ్ ముల్లు చూస్తూ నాలుగు గుక్కలు పీల్చాలి. ముల్లు కదలకుండా నిలబడితే సరే. గుక్క గుక్కకీ పడి లేస్తుంటే వాల్వు పూర్తిగా తెరవలేదన్నమాట. గాలికి వాసన అసలుండకూడదు. డీజిల్ కంపు కొడితే, కంప్రెసర్ ఇంజన్ పొగనే లోపలికి లాక్కుంటోందేమోనని అనుమానించాల్సిందే. సెల్ఫీకి బొటనవేలు ఎత్తి చూపే సమయంలో సగం చాలు ఈ పనికి. అన్నట్టు, నీళ్లలో బొటనవేలు ఎత్తితే "పైకి పోదాం" అని అర్థం. బాగుందని చెప్పబోయి పైకి తేలిపోయే పెద్దమనుషులూ ఉంటారు.

పడవ చిన్నదైతే మేలే. అక్కడి చెక్క దుంగీలో ఆరేడుగురే ఉంటే ఎవరు దిగారో, ఎవరు ఎక్కారో కళ్లకే తెలుస్తుంది. అయినా పేర్లు పిలిచి రాసుకోవాలి. ఎందుకో ఆస్ట్రేలియా వాళ్లని అడగాలి. 1998 జనవరి 25న గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర టామ్, ఐలీన్ లోనర్గన్ అనే అమెరికన్ దంపతులు నీళ్లలో ఉండగానే, లెక్క తప్పి, డైవ్ పడవ ఒడ్డుకి వెళ్లిపోయింది. వాళ్ల సంచీ పడవలోనే ఉంది. దాన్ని తెరిచి చూసి, మనుషులు లేరని గ్రహించడానికి రెండు రోజులు పట్టింది. వాళ్లు మళ్లీ కనపడలేదు. ఆ తర్వాత క్వీన్స్‌లాండ్ తలలు లెక్కపెట్టే నిబంధనలు బిగించింది. ఆ కథతో 2003లో సినిమా కూడా వచ్చింది.

ఇక టూర్ ప్యాకేజీ వేసేవాడి ప్రతిభ వేరు. పొద్దున్నే స్కూబా, పదింటికి ఫెర్రీ, మధ్యాహ్నం హైదరాబాద్ ఫ్లైట్! ఒక్క డైవ్ చేసినా పన్నెండు గంటలు, రెండుమూడు చేస్తే పద్దెనిమిది గంటలు విమానం ఎక్కొద్దని డైవర్ల వైద్య సంస్థల సలహా. ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్, పైకెళ్లాక బుడగలు కడుతుంది. దానికి మన వెబ్ చెక్ఇన్‌తో సంబంధం లేదు.

డైవింగ్ నేర్చుకుని కార్డు తెచ్చుకున్నవాళ్ల వేషాలు ఇంకో రకం. ఓపెన్ వాటర్ కార్డు పద్దెనిమిది మీటర్లకే. ఆ కార్డుతోనే అంతకన్నా లోతైన డిక్సన్స్ పినకిల్ అనే డైవ్ చోటుకి తీసుకెళ్లమని బేరం. లాగ్‌బుక్ చూడకుండా "చలో" అన్నవాడు మంచివాడు, "ఎప్పుడు దిగావు చివరిసారి?" అని అడిగినవాడు పొగరుబోతు.

అసలు పొగరంతా మెడికల్ ఫారంలో ఉంది. ఉబ్బసం, బీపీ, చెవి ఆపరేషన్ అంటూ వరసగా అడుగుతుంది. ఊళ్లో డాక్టరు ముందు అరగంట సేపు జబ్బుల చిట్టా విప్పే మనిషి, ఇక్కడ అన్నింటికీ "లేదు" అని టిక్కు పెడతాడు. ఒక ఆపరేటరు ఆ టిక్కుల్ని నమ్మక, "జలుబు చేసినట్టుంది, చెవులు పోతాయి, రేపు రండి" అని డబ్బు వాపసు ఇచ్చేశాడనుకోండి. సాయంత్రానికల్లా గూగుల్‌లో ఆయనకి ఒకటే చుక్క పడుతుంది. కింద కారణం కూడా: "స్టాఫ్ అస్సలు కోఆపరేట్ చెయ్యలేదు. పక్క షాపువాడు అయిదొందలు తక్కువకే దింపాడు. వీడియో ఫ్రీ."