రోకలి లేచింది!

2020 జూన్ 21, ఆదివారం, వలయాకార సూర్యగ్రహణం. సూర్యుడి ఉంగరం కురుక్షేత్ర వాళ్లకు దక్కింది, మన తెలుగువాళ్లకు పాక్షికమే మిగిలింది. పోనీ అదైనా చూశామా? తలుపులు బిగించి, నీళ్లబిందెలో దర్భ వేసి, టీవీకి అతుక్కుపోయాం. తెరమీద జ్యోతిష్కుడు, హేతువాది కలబడుతుంటే సూర్యుడికి ఓ మూల అగ్గిపెట్టెంత చోటిచ్చారు. అదీ ప్రకటనలు లేనప్పుడు!

వీధుల్లో మాత్రం పళ్లెంలో నీళ్లుపోసి రోకలి నిలబెట్టారు. నిలబడింది, దండాలు పెట్టారు. అడుగు చదునుగా ఉంటే ఏకాదశినాడైనా నిలబడుతుందన్న సైన్సు మాస్టారిని మాత్రం ‘గ్రహణంవేళ బయటేం పని?’ అంటూ లోపలికి తోలారు.

మళ్లీ 2031 మే 21న ఉంగరం కేరళ, తమిళనాడు మీదుగా వెళ్తుంది. గ్రహణం కళ్లద్దాలకు తొందరలేదు. చానెళ్లవారు పండితుల్ని ఇప్పుడే మాట్లాడుకోవాలి, తర్వాత దొరకరు.