వింత చేపట, వింత!

మళ్లీ దొరికిందట, గోదావరిలో ‘మనిషి పళ్ల వింత చేప’! యాంకరమ్మ గొంతు వణికింది, తెర కింద ఎర్ర పట్టీ పరుగెత్తింది. మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఒకాయన బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారన్నాడు. ఇంకొకాయన అది పిరానాయేనని తేల్చేసి, 2027 పుష్కరాల్లో మునకలు ఎలాగని బెంగ పెట్టుకున్నాడు.

అయ్యా, అది రూప్‌చంద్. ఆదివారం రోడ్డు పక్క టార్పాలిన్ కింద మీరు గీసి గీసి బేరమాడి, ముక్కలు కొట్టించుకుని, అచ్చం చందువాలా ఉందే అని మురుస్తూ తెచ్చుకున్న రూప్‌చందే. తలకాయ కొట్టువాడికే వదిలేసి వస్తారు కాబట్టి ఆ పళ్లు మీ కంటబడలేదు.

పిరానాకు చుట్టమే, కాదనను. కానీ ఆ పళ్లు గింజలూ కాయలూ నమలడానికి. అమెజాన్ అడవుల్లోకి వరద వస్తే చెట్ల మధ్య ఈదుతూ రాలిన కాయలు తినే జాతి అది. బంగ్లాదేశ్ మీదుగా దొడ్డిదారిన దిగి, మన చెరువుల్లో దాణా తిని బలిసింది. గట్టుకు ఇవతల దొరికితే టన్నుల లెక్కన లారీకెక్కిస్తాం, అవతల ఒక్కటి దొరికితే దండం పెడతాం. మొన్న ఓ చర్చకు జ్యోతిష్యుణ్ణి కూడా కూర్చోబెట్టారు. చేపల రైతును ఒక్కణ్ణీ పిలవలేదు. పిలిస్తే అర నిమిషంలో కార్యక్రమం అయిపోయేది!

ఏట్లోకి ఎలా వచ్చిందో నిజంగా తెలియదా? పట్టుబడి కాగానే చెరువు నీళ్లు తూము దాటి కాలువలో పడతాయి, కాలువ ఏట్లో కలుస్తుంది. వానాకాలం గట్టు తెగితే తూముతో కూడా పనిలేదు. కొల్లేరునే చూడండి. 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కించారు, 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మళ్లీ చెరువులు లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి పడ్డప్పుడు వాటిలోని చేపలు అధికారుల అనుమతి కోసం ఆగి ఉంటాయా?

ప్రభుత్వాలూ తక్కువ తినలేదు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. జలాశయాల్లోకి ఉచితంగా వదిలిన చేప పిల్లల్లో మాత్రం పరదేశపు బంగారు తీగ చేప! ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ది ఇంకో కథ. నిషేధం కాగితం మీద భద్రంగా ఉంది, చేప కోళ్ల వ్యర్థాలు తిని అంతకంటే భద్రంగా ఉంది. దొరికినప్పుడు గొయ్యి తీసి పూడుస్తారు, ఫోటో దిగుతారు, వెళ్లిపోతారు. అది గాలి పీల్చి బతుకుతుంది, బురదలో పాకుతుంది, అందిన చిన్న చేపనల్లా మింగుతుంది. అక్వేరియంలోంచి బయటపడ్డ సక్కర్ ఫిష్ వలలు చింపుతోంది. ఆ వల ఖరీదు జాలరిదే. చెరువు యజమానిని గానీ, అధికారిని గానీ అడిగేవాడు లేడు. ఇది మాయ కాదు, అచ్చమైన నిర్లక్ష్యం.

కాబట్టి ఈసారి ఆ వీడియో వస్తే నాకు పంపకండి. ఎక్కడ దొరికిందో మత్స్యశాఖకు రాయండి. చుట్టుపక్కల చెరువుల తూములకు వల కట్టారో లేదో అడగండి.