టైపు లోయర్

ఎస్.ఆర్. నగర్ మెట్రో మెట్లు దిగి ఏ గల్లీలోకి తిరిగినా హాస్టలే, ఏ హాస్టల్లో చూసినా ఒక టైపన్న. పగలు అమీర్‌పేటలో జావా నేర్చుకుంటాడు, రాత్రి ఫోర్ షేరింగ్ గదిలో మనుషుల్ని చదువుతాడు. కొత్తగా వచ్చినవాడు బ్యాగు దించకముందే, "తమ్ముడూ, నీ నాలుగక్షరాలేంటి?" అంటాడు. ఇంటిపేరు మీదుగా కులం ఆరా తీసేవాళ్లకంటే నయమే.

మా టైపన్న ఐఎన్‌టీపీ. పూటకోసారి చెబుతాడు కాబట్టి మర్చిపోయే వీల్లేదు.

ఆలోచన, అనుభూతి, ఇంద్రియాల ఎరుక, అంతర్‌బుద్ధి అని మనసుకు నాలుగు ఫంక్షన్లున్నాయని 1921లో మనస్తత్వవేత్త యూంగ్ చెప్పాడు. ఆలోచన ముదిరినవాడిలో అనుభూతి పసిపిల్లలా మిగిలిపోతుందన్నాడు. తర్వాత అమెరికాలో బ్రిగ్స్, మైయర్స్ అనే తల్లీకూతుళ్లు వాటి మీద నాలుగేసి అక్షరాల పదహారు టైపులు కట్టారు. టైపన్న ఆ పదహారింటితోనే హాస్టలంతా నడిపిస్తాడు. హాస్టల్ ఆంటీ అద్దె అడిగితే, "నా సెన్సింగ్ మూడో ప్లేసులో ఉందాంటీ, తేదీలు గుర్తుండవు" అంటాడు. బిర్యానీ పెట్టే ఆదివారం మాత్రం ఎన్నడూ మర్చిపోలేదు.

మొన్న రూమ్మేట్‌కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. అందరూ కౌగిలించుకుంటే టైపన్న పీఎఫ్ లెక్కలు చెప్పాడు. "నీకసలు ఫీలింగ్సే లేవన్నా" అన్నాడు వాడు. అంతే, టైపన్న రాత్రి భోజనానికి రాలేదు. ఆంటీ వెతికితే డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక ముక్కు చీదుతూ దొరికాడు.

"ఏడుపు కాదాంటీ. ఇన్‌ఫీరియర్ ఫంక్షన్. నా టైపులో లోయర్‌ది."

"టైపు లోయరా? ఆ టైప్‌రైటింగ్ పరీక్ష నేనూ పాసయ్యాను నాయనా!" అంది ఆంటీ, సంబరంగా. "ఎడమ చిటికెన వేలితో 'ఏ' కొడితే అక్షరం మసగ్గా పడేది. సిగ్గేసి చూపుడు వేలితో కొట్టేదాన్ని. మాస్టారు చూసి, ఆ చిటికెన వేలితోనే పేజీలకు పేజీలు కొట్టించాడు."

టైపన్న తన చిటికెన వేలి కేసి చూసుకున్నాడు. అది ఏ ఫంక్షనో ఆలోచించే ఉంటాడు.

మర్నాడు రాత్రి రూమ్మేట్ సూట్‌కేసు బస్సుదాకా తనే మోశాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. టైపన్న గొంతు సవరించుకుని, "ఒరేయ్... చేరాక ఫోన్ చెయ్యి" అన్నాడు. వాడు ఆశ్చర్యపోయి చూసేసరికి గబగబా ఇంకో మాట కలిపాడు.

"బస్సు ఎన్ని గంటలు తీసుకుందో తెలియాలి, అంతే."