అసలైన ఇటలీ, అరకొర టిప్పు

డాలస్ చుట్టుపక్కల శుక్రవారం సాయంత్రం ఇటాలియన్ రెస్టారెంటులో ఎనిమిది మందికి బల్ల దొరకడం కష్టం. ఆ ఎనిమిది మందీ తెలుగువాళ్ళయితే వాళ్ళలో ఇటలీ నిపుణుడు లేకపోవడం ఇంకా కష్టం. ఈ నిపుణుడు రోమ్‌లో రెండు పగళ్ళు, వెనిస్‌లో ఒక మధ్యాహ్నం గడిపి వచ్చినవాడు. టూరు బస్సు ఆగిన చోటల్లా ఫొటో దిగి, మళ్ళీ బస్సెక్కి డబ్బాలో పులిహోర తిన్నవాడు. మెనూ చేతికందగానే కళ్ళజోడు సర్దుకుని, "ఇదేం ఇటాలియన్ బావా? అక్కడ దీన్ని కుక్క కూడా ముట్టదు" అని మొదలెడతాడు. చెప్పేవాడికి వినేవాళ్ళు లోకువ కదా. మిగతా ఏడుగురూ బ్రెడ్ నములుతూ వింటారు.

స్పగెట్టీ మీద మీట్‌బాల్స్ వెయ్యడం ఇటలీలో లేదట. చికెన్ పార్మజాన్ అన్నదే అక్కడ పుట్టలేదట, అది వంకాయతో చేసేదట. పొద్దెక్కాక కపుచీనో అడిగితే వెర్రివాణ్ణి చూసినట్టు చూస్తారట. ఇవన్నీ ఇంచుమించు నిజాలే. అబద్ధాలైతే భరించడం తేలిక.

ఆయన చెప్పని నిజం ఇంకొకటుంది. 1880 నుంచి 1924 దాకా దాదాపు 40 లక్షల మంది ఇటలీ నుంచి అమెరికాకి ఓడెక్కారు. ఎక్కువమంది సిసిలీ, నేపుల్స్, కలాబ్రియా వైపు పేద కూలీలు, చిన్న రైతులు. సొంతూళ్ళో వాళ్ళకి మాంసం అంటే పండగ. ఇక్కడ కూలి డబ్బుతో మాంసం వారంవారం కొనగలిగారు. ఆ సంబరమే స్పగెట్టీ మీదికి ఉండలుగా ఎక్కింది. పార్మజాన్‌లో వంకాయ పోయి కోడి వచ్చింది. వెల్లుల్లి కంపని అప్పటి అమెరికన్లు వాళ్ళని ఈసడించుకునేవాళ్ళు. 1891లో న్యూ ఆర్లియన్స్ జైలు మీద పడిన గుంపు 11 మంది ఇటాలియన్లని చంపేసింది. అలాంటి వాళ్ళ వంట ఇవాళ ఊరూరా, మాలు మాలులోనూ దొరుకుతోంది. దాన్ని నకిలీ అనడానికి మనకో హెచ్1బి నిపుణుడు కావాల్సి వచ్చాడు.

ఈ పెద్దమనిషే పోయిన వారం డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఆవకాయ బిరియానీ తిని, వేళ్ళు నాకి, "అచ్చం ఇంటి రుచిరా" అన్నాడు. ఎవరింటి రుచి? వాళ్ళమ్మగారు ఏనాడైనా బిరియానీలో ఆవకాయ కలిపారా? కలిపితే వాళ్ళ నాన్నగారు ఊరుకునేవారా? వలస వచ్చినవాడు చేతికి దొరికినదాంతో, జేబు కుదిరినంతలో, ఊరి మీద బెంగతో వండుకుంటాడు. మనవాడు వండుకుంటే అది సంప్రదాయం, సిసిలీవాడు వండుకుంటే కల్తీ!

నకిలీ సంగతి నిజంగా మాట్లాడాలంటే గొలుసు రెస్టారెంట్ల దగ్గర మొదలుపెట్టాలి. ఇటాలియన్ అమ్మమ్మ వంటిల్లులా కనిపించే ఆలివ్ గార్డెన్‌ని 1982లో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో పెట్టింది ఏ అమ్మమ్మా కాదు, గోధుమపిండి, పొద్దుటి సీరియల్ డబ్బాలు అమ్మే జనరల్ మిల్స్ కంపెనీ. తర్వాత అది డార్డెన్ అనే రెస్టారెంట్ల కంపెనీ చేతికి పోయింది. 2014లో స్టార్‌బోర్డ్ అనే పెట్టుబడి సంస్థ ఆ యాజమాన్యాన్ని తప్పుపడుతూ దాదాపు 300 స్లయిడ్ల నివేదిక విడుదల చేసింది. గిన్నెల వారంటీ పెరుగుతుందని పాస్తా ఉడికించే నీళ్ళలో ఉప్పు వెయ్యడం మానేశారని అందులో ఉంది. అమ్మమ్మలు చాలా పొదుపులు చేస్తారు గానీ గిన్నె కోసం కూరలో ఉప్పు మానెయ్యడం నేనెక్కడా వినలేదు. నిపుణుడికి మాత్రం ఇలాంటి వాటితో పనిలేదు, ఆయన దృష్టంతా మీట్‌బాల్ మీదే.

సరే, ఆర్డరు దగ్గరికొద్దాం. శాకాహారి లేని తెలుగు బల్ల ఉండదు. పుట్టు శాకాహారి కాకపోతే శుక్రవారం శాకాహారి, అదీ కాకపోతే శ్రావణమాసపు శాకాహారి. వడ్డించే అమ్మాయికి క్రాస్ ఎగ్జామినేషన్ మొదలవుతుంది. పాస్తాలో గుడ్డుందా? సాసులో చికెన్ స్టాకు పోశారా? చికెన్ వేయించిన పెనం మీదే పుట్టగొడుగులు వేయించారా? ఆ అమ్మాయి ప్రతి ప్రశ్నకీ లోపలికెళ్ళి కనుక్కుని వస్తుంది. అంతా అయ్యాక శాకాహారిగారు నిశ్చింతగా సీజర్ సలాడ్ చెబుతారు. 1924లో మెక్సికోలోని టిహువానాలో సీజర్ కార్డినీ అనే ఇటాలియన్ కనిపెట్టిన ఆ సలాడ్ డ్రెస్సింగులో ఇప్పుడు మామూలుగా పడేది నెత్తళ్ళు. అవును, మన ఉప్పాడలో ఎండబెట్టే నెత్తళ్ళ చుట్టాలే.

అంతటితో ఆగితే బాగుండేది. నిపుణుడు చెయ్యెత్తి, "ఆ డబ్బా పొడి వద్దు, అసలైన పార్మిజానో రెజానో తురమమనండి" అంటాడు. శాకాహారిగారు పళ్ళెం ముందుకు జరిపి "నాకూ" అంటారు. ఇటలీ నిబంధనల ప్రకారం ఆ పేరు పెట్టుకునే చీజ్‌కి పాలు విరవాల్సింది దూడ పొట్టలోంచి తీసిన రెనెట్‌తోనే. చాలు అన్నప్పుడు చెప్పమని ఆ అమ్మాయి తురుముతూ నిలబడుతుంది. చాలు అనే మాట మనవాళ్ళ నోట రాదు. ఆమె చెయ్యి నొప్పెడుతుంది, దూడ ప్రసాదం గుట్టగా పడుతుంది.

తర్వాత ఫెటుచినీ ఆల్ఫ్రెడో వస్తుంది. దీని కథ మన ఇళ్ళలో జరిగినట్టే ఉంటుంది. రోమ్‌లో ఆల్ఫ్రెడో డి లెలియో అనే హోటలాయన, 1908లో కాన్పై నీరసించిన భార్యకి నోటికి హితవుగా ఉండాలని వెన్న, చీజ్ కలిపి ఈ పాస్తా చేసిపెట్టాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. మీగడ, వెల్లుల్లి, చికెన్ అమెరికాలో చేరాయి. అంటే పుట్టుకతో ఇది బాలింత పథ్యం. మన బల్ల మీద దానికేం జరుగుతుందంటే, ఒకావిడ హ్యాండ్‌బ్యాగులోంచి పిజ్జా షాపులో దాచిన మిరపగింజల పొట్లాలు తీసి అందరికీ పంచుతుంది. "చప్పగా ఏడ్చింది, టబాస్కో ఉందేమో అడగండి" అంటాడు వాళ్ళాయన. ఆ అమ్మాయి మళ్ళీ లోపలికి. బ్రెడ్ ఖాళీ, మళ్ళీ లోపలికి. నీళ్ళలో ఐసు వద్దు, నిమ్మకాయ కావాలి, వేణ్ణీళ్ళు కావాలి, మళ్ళీ లోపలికి.

1920లో హనీమూన్‌కి రోమ్ వెళ్ళిన హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ ఈ పాస్తాకి మురిసిపోయి, తర్వాత ఆల్ఫ్రెడోకి బంగారు చెంచా, బంగారు ఫోర్కు కానుకగా ఇచ్చారు. ఇప్పుడు మనవాళ్ళ కానుక చూద్దాం.

బిల్లు వస్తుంది. మొదట "నేనిస్తా", "నేనిస్తానంటుంటే" అని చిన్న కుస్తీ. అది అయిదు నిమిషాల లాంఛనం. తర్వాత అందరూ ఫోనులో ఖర్చు పంచే యాప్ స్ప్లిట్‌వైజ్ తెరుస్తారు. "నేను సూపే తాగాను" అంటాడొకడు. ఇక టిప్పు గీత. బల్ల మీద ఒక్కసారిగా ఆర్థికవేత్తలు పుడతారు. "ట్యాక్సుకి రెట్టింపు రాసెయ్, అదే లెక్క" అంటాడు ఒకాయన. ఇక్కడ ట్యాక్సు 8.25 శాతం. "సర్వీసు కాస్త స్లో కదూ?" అంటుంది మిరపగింజలావిడ. "టిప్పు అసలు తప్పుడు పద్ధతి, జీతం యజమాని ఇవ్వాలి" అంటాడు నిపుణుడు.

సిద్ధాంతం బాగానే ఉంది. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లు. టిప్పులు కలిపినా 7.25 రాకపోతే లోటు యజమాని పూడ్చాలి. చాలా రాష్ట్రాలు అంతకంటే ఎక్కువే ఇప్పిస్తాయి, టెక్సస్ 2.13 దగ్గరే కూర్చుంది. ఆ అంకె 1991 నుంచి కదల్లేదు. పైగా చాలా చోట్ల ఆ అమ్మాయి తన బల్లల అమ్మకంలో కొంత శాతం బల్లలు తుడిచేవాళ్ళకీ బార్‌వాళ్ళకీ ఇచ్చుకోవాలి. మీరు టిప్పు ఎగ్గొట్టినా ఆ వాటా ఆగదు. ఏటా జీతం పెంచమని మేనేజరు ముందు స్లయిడ్లు వేసుకుని నిలబడే మనిషి, తన విప్లవాన్ని ఎదుటి అమ్మాయి జేబుతో మొదలెడుతున్నాడు.

లెక్క కూడా చూద్దాం, అందరం లెక్కల్లో పుట్టినవాళ్ళమే. బిల్లు 240 డాలర్లనుకోండి. ట్యాక్సుకి రెట్టింపు 39 డాలర్ల 60 సెంట్లు. ఇరవై శాతం 48. తేడా 8 డాలర్ల 40 సెంట్లు. ఎనిమిది మందికి పంచితే తలా ఒక డాలరు అయిదు సెంట్లు. వడ్డించేవాడు మనవాడైతే బంతి చివర కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేది పరాయిపిల్ల అయితే డాలరు అయిదు సెంట్లకి కూడా సిద్ధాంతం కావాలి మనకి.

కాబట్టి వచ్చే శుక్రవారం వెళ్ళేవాళ్ళకి మనవి: 240కి 48 రాసి సంతకం పెట్టండి. ఆల్ఫ్రెడోలో మీగడ ఉండొచ్చా ఉండకూడదా అన్నది ఆ తర్వాత పార్కింగులో నిలబడి, ఓపిక ఉన్నంతసేపు కొట్టుకోండి.