అయ్యగారు అనుకుంటే చాలు

మనసులో అనుకున్నది అనుకున్నట్టే ఉత్తర్వు అయిపోయే ఉద్యోగం కావాలా? అమెరికా కాలేజీ ఐస్ హాకీలో రెఫరీగా చేరండి. విజిల్ నోటిదాకా వెళ్లి మోగడానికి కొంత సమయం పడుతుంది కదా, ఆలోపే పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) గోల్‌లో దూరిపోతే? పాపం ఆయనా మనిషేనని నియమావళి దయతలచింది. ఊదాలని ఆయన నిశ్చయించుకున్న క్షణానే ఆట ఆగిపోయినట్టు లెక్క. విజిల్ వెనకాల తీరిగ్గా వస్తుంది.

2010 మార్చిలో ఫోర్ట్ వేన్‌లో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం) టోర్నమెంట్ మ్యాచ్. మిషిగన్, మయామీ తలపడ్డాయి. (మయామీ అనగానే సముద్రం, కొబ్బరిచెట్లు ఊహించుకోకండి. ఇది ఒహాయోలోని యూనివర్సిటీ.) గెలిచినవాళ్లు ఫ్రోజెన్ ఫోర్‌కి, అంటే సెమీఫైనల్స్‌కి. స్కోరు 2-2. ఓవర్‌టైమ్‌లో మిషిగన్ పక్‌ని నెట్‌లోకి కొట్టింది. చెల్లదన్నారు, అప్పటికే ఆట ఆగిపోయిందట. వీడియో చూశారు. రింక్ చుట్టూ ఎన్ని కెమెరాలున్నా రెఫరీ పుర్రెలో ఒక్కటీ బిగించలేదాయె! రెండో ఓవర్‌టైమ్‌లో మయామీ గోల్ కొట్టి 3-2తో గెలిచింది. ఆ విజిల్ మాట మిషిగన్ వాళ్ల దగ్గర ఎత్తకండి, భోజనాల వేళ అసలే వద్దు.

మనసులో మాట చెల్లే ఈ సదుపాయం ఆటగాళ్లకూ ఉంటుందని ఆశపడేరు. ఎదుటివాణ్ణి వెనకనుంచి తోసి రింక్ చుట్టూ ఉండే బోర్డుకు గుద్దించి, ‘కావాలని చేయలేదు సార్’ అని చూడండి. ఐదు నిమిషాల మేజర్ పెనాల్టీ, ఆపైన డ్రెస్సింగ్ రూమ్ దారి. ఉద్దేశం అనేది రెఫరీగారి సొంత ఆస్తి. ఇక కోచ్‌కు సందేహమొస్తే చాలెంజ్ చేయొచ్చు, నెగ్గకపోతే టైమ్‌అవుట్ గోవిందా. అనుమానించినందుకు జరిమానా ఉంది, అనుమానం తెప్పించినందుకు లేదు.

క్రీడాస్ఫూర్తి మాటేమిటంటారా? దానికి మైకు ఉంది. మర్యాదగా ప్రవర్తించండని అందులో చెబుతారు. ఆ ప్రకటన ముగిసేదాకా విద్యార్థుల గ్యాలరీ ఆగిందంటే ఆ పూటకి స్ఫూర్తి చాలినంత ఉన్నట్టే. కార్నెల్ యూనివర్సిటీలో ప్రత్యర్థుల పేర్లు చదువుతుంటే ప్రేక్షకులు న్యూస్‌పేపర్లు విప్పి ముఖాలకు అడ్డం పెట్టుకుంటారు. పత్రికకు ఇంత గిరాకీ ఉన్న చోటు మరొకటి నాకు తెలియదు కాబట్టి, వృత్తిధర్మంగా దీన్ని ఖండించలేను.

అదే కార్నెల్‌లో, హార్వర్డ్ జట్టు వచ్చిన రోజున మంచు మీద చేపలు పడతాయి. 1973లో హార్వర్డ్ అభిమాని ఒకడు కార్నెల్ గోల్‌కీపర్ మీదకి చచ్చిన కోడిని విసిరాడు, మీది వ్యవసాయ కాలేజీ అని ఎత్తిపొడవడానికి. చేప దానికి జవాబు. కోడి బాకీ ఎప్పుడో తీరింది, చేపలు మాత్రం ఆగలేదు. ఆట మొదలయ్యాక పడితే కార్నెల్ జట్టుకే పెనాల్టీ. విసిరినవాడు గ్యాలరీలో చేతులు తుడుచుకుంటుంటే, చేపను ముట్టనే ముట్టని ఆటగాడు రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటాడు. ఈ ఒక్క నిర్ణయం మీద మాత్రం ఎవరూ వీడియో అడగరు.