చక్రవడ్డీ

మా ఊరి బైపాస్ పక్కన ఓ పంచర్ షాపు ఉంది. రోడ్ల మీద పరిశోధన చేయాలనుకునేవాళ్ళకి ఆ షాపు బెంచీ చాలు. మొన్న నా స్కూటరు చూడమని ఇచ్చి అక్కడ కూర్చుని ఉంటే, నిండా సిమెంటు బస్తాలతో ఓ పద్నాలుగు టైర్ల లారీ మూలుగుతూ వెళ్ళింది. మధ్యలో ఒక ఇరుసు మాత్రం జానెడు పైకి లేచి, దాని చక్రాలు హాయిగా గాల్లో ఊగుతున్నాయి.

"అదేంటి బాబాయ్, అవి నేలకి ఆనట్లేదు?" అన్నాను షాపతనితో.

"లిఫ్ట్ యాక్సిల్ అబ్బాయ్. బండి ఖాళీగా ఉన్నప్పుడు లేపుకోవాలి. వీడు లోడుతో కూడా లేపాడు. టైర్లు మిగులుతాయిగా!"

నాకు ఆ ఇరుసు మీద గౌరవం కలిగింది. హాజరు పట్టీలో పేరుంది, పని మాత్రం పక్కవాడి నెత్తిన. ఇలాంటివాళ్ళని ఆఫీసుల్లో చూశాను గానీ, లారీ కింద చూడటం ఇదే మొదలు.

ఇలా ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకేమవుతుందో తేల్చడానికి అమెరికావాళ్ళు ఇల్లినాయ్‌లో ఒట్టావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి, 1958 నుంచి 1960 దాకా సైనికుల చేత లారీలు తోలించారు. తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి తగిలే దెబ్బ ఇంచుమించు పదహారు రెట్లవుతుంది. చక్రవడ్డీ అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, లారీని చూసే పుట్టించి ఉండాలి.

2018లో మన కేంద్ర ప్రభుత్వం నాలుగు టైర్ల ఇరుసు మోయగల బరువుని 10.2 టన్నుల నుంచి 11.5కి పెంచింది. పెరిగింది పదమూడు శాతం లోపే. పై లెక్కన దెబ్బ మాత్రం అరవై శాతం దాకా పెరుగుతుంది. రవాణా చౌకవుతుందన్నారు. ఆ చౌక వంకాయల ధరలో నాకైతే కనబడలేదు, గుంతలో కనబడింది.

ఇంతలో ఇంకో లారీ ఆగింది. క్లీనరు దిగి ఇనుప రాడ్డుతో వెనక టైర్లని వరసగా కొట్టుకుంటూ పోయాడు. ధన్, ధన్, ధన్... బొత్. జోడు టైర్లలో లోపలిదానికి గాలి లేదు. జోడు అంటే కాడికి కట్టిన ఎద్దుల్లాంటిదే. ఒకటి మొండికేస్తే బరువంతా రెండోదాని మెడ మీద. అప్పుడు నాలుగు టైర్ల కింద పంచుకోవాల్సిన భారాన్ని మూడు టైర్లు రోడ్డులోకి దిగ్గొడతాయి. చక్రాల జాడల్లో తారు కుంగి కాలవలు పడేది ఇలాంటి భారాలకే. వాన పడితే వాటిల్లో కాగితప్పడవలు వదలొచ్చు.

"ఎంత దూరం నుంచి ఇలా వస్తున్నావురా?" అన్నాడు బాబాయ్.

"ఏమో, లోపలిది కనబడదు కదా!"

కాటా మీదకెక్కితే మాత్రం ఈ బండికి ఏ దోషమూ లేదు. మొత్తం బరువు సరిపోయిందా, అంతే. ఎక్కువైతే 20,000 జరిమానా, ఆపైన అదనపు టన్నుకి 2,000 చొప్పున. చట్టానికి కూడిక వచ్చు. రోడ్డుకి హెచ్చవేత వచ్చు.

"నీ స్కూటరు రిమ్ము వంగింది, పాతిక అడుగుల అవతల గుంతే కదా?" అన్నాడు బాబాయ్ సుత్తి తీస్తూ. ఆ హెచ్చవేత లెక్కలో నా స్కూటరు రోడ్డుకి చేసిన హాని చూపించాలంటే చుక్క తర్వాత ఎన్ని సున్నాలు పెట్టాలో! జీవితకాలపు పన్ను మాత్రం కొన్న రోజునే కట్టేశాను. రిమ్ముకి ఇంకో రెండొందలు.