ఎద్దుగారికి డోప్ టెస్టు

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో బండలాగుడు పోటీ ముగిశాక రెండు మాటలు వినపడతాయి. గెలిచినాయన "అంతా స్వామి దయప్పా" అంటాడు. ఓడినాయన "సూది ఏసినారప్పా" అంటాడు. మొదటిదానికి సాక్ష్యం ఎవరూ అడగరు, రెండోదానికి ఎవరూ చూపించరు. జాతర కదా, రెండూ చెల్లిపోతాయి.

బండలాగుడు చూడని పట్నం పాఠకుల కోసం నాలుగు ముక్కలు. కాడికి కట్టిన ఎద్దుల జత ఇచ్చిన సమయంలో క్వింటాళ్ల బరువున్న బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. విభాగాలు పళ్లను బట్టి ఉంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. వయసు తేల్చడానికి ఎద్దు నోరు తెరిచి చూస్తారు. క్రికెట్ కుర్రాడి వయసు తేల్చడానికి మాత్రం బోర్డు వాళ్లు మణికట్టుకు ఎక్స్‌రే తీయాల్సి వస్తోంది. జనన ధ్రువపత్రం ఉన్న ప్రాణికీ లేని ప్రాణికీ తేడా అదే.

ఇక మేపు సంగతి. ఉలవలు, పత్తి గింజలు, చెక్క, గుడ్లు, చేతిలో డబ్బాడితే బాదం పప్పు. పత్తికి పేరున్న ఆదోని పక్కనే ఉండగా పత్తి గింజలకు కరువేముంది? ఇదంతా ఎవరూ మోసం అనరు. మరి బలమైన తిండి ఎక్కడ ఆగుతుంది, మందు ఎక్కడ మొదలవుతుంది? సంతలో బీడీ కాలుస్తూ తేల్చుకోవలసిన ఈ ముచ్చటను ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆచార్యులు ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోతున్నారు. ప్రాణవాయువు తగ్గించిన డేరాలో పడుకుని రక్తంలో ఎర్రకణాలు పెంచుకుంటే అది శిక్షణ. ఈపీవో సూదితో అవే కణాలు పెంచుకుంటే నేరం. డేరాకు సొమ్ము కావాలి, సూదికి అంత అక్కర్లేదు.

ఈ గొడవంతా ఎందుకు, గేట్లు ఎత్తేస్తే పోలా అనే పెద్దమనుషులూ పుట్టుకొచ్చారు. డాక్టరు పర్యవేక్షణలో ఎవరికి కావలసిన మందు వాళ్లు వాడుకోవచ్చంటూ 'ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్' పేరుతో 2026 మేలో లాస్ వేగస్‌లో పోటీలు పెడతామని ప్రకటించారు. క్రిస్టియన్ గొలొమీవ్ అనే గ్రీసు ఈతగాడు వీళ్ల పుణ్యాన 50 మీటర్లు 20.89 సెకన్లలో ఈది పది లక్షల డాలర్లు అందుకున్నాడు. అప్పటి ప్రపంచ రికార్డు 20.91. అంటే తేడా సెకనులో వందో వంతు ముక్కలు రెండు. అందుకోసం మందులతో పాటు, అధికారిక పోటీల్లో నిషేధించిన ఈత సూటు కూడా తొడుక్కోవలసి వచ్చింది.

సరే, మన ఊరికే వద్దాం. ఓడినాయన మాట నిజమే అనుకుని బండలాగుడు ఎద్దులకు డోప్ టెస్టు పెట్టామనుకోండి. మొదటి అంచె బ్రహ్మాండంగా సాగుతుంది. క్రీడాకారుడు అధికారి కళ్లెదుటే మూత్రం పోయాలని నిబంధన. ఎద్దుకు ఆ విషయంలో మొహమాటం లేదు. నమూనాను ఏ సీసా, బీ సీసా అని రెండుగా పంచాలి. మన ఎద్దు తలుచుకుంటే జెడ్ సీసా దాకా నింపుతుంది.

చిక్కంతా శిక్ష దగ్గర వస్తుంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అదే వాడా, నియమావళిలో కావాలని చేసిన తప్పుకు మామూలుగా నాలుగేళ్ల నిషేధం. రెండు పళ్ల కోడెను నాలుగేళ్లు పక్కన పెడితే పళ్లన్నీ వచ్చేసి సీనియరై తిరిగొస్తుంది. పైగా దాని నేరమేమిటి? "నాకు తెలియదు, వాళ్లిచ్చారు, నేను తీసుకున్నాను" అని అది చెప్పగలిగితే అందులో అబద్ధం వీసమెత్తు ఉండదు. సూది గుచ్చింది యజమాని, పేరొచ్చింది యజమానికి, మైకులో మోగింది యజమాని ఊరు. కాబట్టి యజమానినే పట్టాలి అంటారా? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం అదే చెబుతోంది. పశువుకు హాని చేసే మందు ఎక్కిస్తే నేరం. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా. ఆదోని బస్టాండులో ఇద్దరు టిఫిను చేస్తే అంతకన్నా ఎక్కువవుతుంది.

అయినా ఎద్దు చట్టానికి ఒక గుణముంది. అది గుచ్చినవాడిని నేరస్థుడంటుంది, గుచ్చించుకున్నదాన్ని కాదు. మనుషుల ఆటల్లో ఇది తిరగబడింది. శరీరంలో ఏది దొరికినా బాధ్యత క్రీడాకారుడిదే, ఎలా వచ్చిందో తెలియకపోయినా సరే. కోచ్‌నూ డాక్టర్‌నూ పట్టుకునే నిబంధనలు లేకపోలేదు. మందు ఎక్కించినవాడికి జీవితకాల నిషేధం దాకా రాసే ఉంది. కాకపోతే సీసాలో దొరికేది కుర్రాడి మూత్రం, కోచ్‌ది కాదు.

తూర్పు జర్మనీ ప్రభుత్వం 1974లో 14.25 అనే అంకెతో ఒక రహస్య పథకమే నడిపింది. ఈత కొలనుల్లోని బడిపిల్లలకు నీలం మాత్రలిచ్చి విటమిన్లని చెప్పింది. పతకాలు దేశానికి వెళ్లాయి, మగగొంతులూ గర్భసంచి జబ్బులూ ఆ ఆడపిల్లలకు మిగిలాయి. క్రీడల పెద్ద మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కు 2000లో బెర్లిన్ కోర్టు వేసింది 22 నెలల శిక్ష, అదీ జైలుకు వెళ్లనక్కర్లేకుండా. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో వంద మీటర్లు 9.79 సెకన్లలో పరుగెత్తిన బెన్ జాన్సన్ మూత్రంలో స్టానొజొలాల్ అనే స్టెరాయిడ్ దొరికింది. గుర్రాలకూ కుక్కలకూ పశువైద్యులు వాడిన మందే అది. ఇందాకటి ఎద్దు పోలిక మరీ దూరపుదేమీ కాదన్నమాట.

మన దేశానికొస్తే, 2011లో అశ్విని అక్కుంజి సహా రిలే పరుగుల అమ్మాయిలు స్టెరాయిడ్లతో దొరికారు. కోచ్ యూరీ ఒగొరోద్నిక్ చైనా నుంచి తెచ్చిచ్చిన జిన్‌సెంగ్ తిన్నామన్నారు. కోచ్ ఉద్యోగం పోయింది. అమ్మాయిలకు మొదట ఏడాది నిషేధం, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లాక రెండేళ్లు. 2016లో మల్లయోధుడు నర్సింగ్ యాదవ్ తన తిండిలో ఎవరో మందు కలిపారన్నాడు. మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అదే నాడా, నమ్మింది; రియో ఒలింపిక్స్ వేళ క్రీడా న్యాయస్థానం నమ్మలేదు, నాలుగేళ్ల నిషేధం పడింది. 2019లో క్రికెటర్ పృథ్వీ షా దగ్గు మందన్నాడు, ఎనిమిది నెలలతో బయటపడ్డాడు. దగ్గు వస్తే క్రికెటర్‌కే రావాలి.

అందరికందరూ అమాయకులని చెప్పడం కాదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వస్తున్నారని తెలిసి, పురుషుల వంద మీటర్ల ఫైనల్‌లో పరుగెత్తడానికి ఒక్కడు మిగిలాడు. మిగతా ఏడుగురు అంతకంటే వేగంగా మాయమయ్యారు. ఒకమ్మాయి గీత దాటాక కూడా ఆగకుండా పరుగెడితే అధికారి వెంటపడ్డాడు. మరుగుదొడ్లో సూదులు దొరికాయి. 2023లో మన దేశం పరీక్షించిన 5,606 నమూనాల్లో 3.8 శాతం దోషమని తేలాయి. ఐదు వేలకు పైగా పరీక్షలు చేసిన దేశాల్లో మనదే మొదటి స్థానం. ఒలింపిక్స్‌లో కలగా మిగిలిన స్థానం ఇక్కడ దక్కింది.

ఆశ లేకుండా ఎవరూ గుచ్చుకోరు. ఆంధ్రప్రదేశ్ కొత్త క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు, సర్కారు కొలువుల్లో క్రీడాకారులకు 3 శాతం. మంచిదే, ఇవ్వాల్సిందే. కానీ తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు ఈ ఏడాది వస్తాయా రావా అని చూసే ఇంట్లో, మగ్గం గుంటలో దిగే ఇంట్లో, ఒక కొలువంటే ఎంతో పిల్లవాడికి తెలుసు, వాడి వెనకున్నవాళ్లకూ తెలుసు. శస్త్రచికిత్సలో పడిపోయిన రక్తపోటును నిలబెట్టడానికి వాడే మెఫెంటెర్మిన్ సూది మందును జిమ్ కుర్రాళ్లకు అమ్ముతుంటే తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు పలుమార్లు దాడులు చేసి పట్టుకున్నారు. ఆ సరుకుకు కర్నూలు దారి తెలియదనుకోవడానికి కారణమేమీ లేదు.

కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరు తల్లిదండ్రులకూ వ్యాయామ ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. పిల్లవాడి చేతికి ఎవరైనా "బలానికి" అని సీసా ఇస్తే దాని మీది మందు పేరు చదవండి. నాడా వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో ఆ పేరు కొట్టి చూడండి. సీసా ఇచ్చినాయన పేరు కూడా తేదీ వేసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు విచారణ జరిగితే ఆ పేరు అడిగేవాళ్లు తక్కువే, మీరే చెప్పాలి.